హంస బుగ్గ మీద చుక్క

మొన్న మా అబ్బాయి స్కూలు కాగితాలు స్కాన్ చేయించడానికి గుంటూరులో మా వీధి చివరి జిరాక్స్ షాపుకి వెళ్ళాను. వాళ్ళింకా పాత స్కానరే వాడుతున్నారు. మూత కింద తెల్లటి వెలుగు ఈ పక్కనుంచి ఆ పక్కకి మెల్లగా పాకింది, వేడెక్కిన దుమ్మూ ప్లాస్టిక్కూ కలిసిన వాసన గుప్పుమంది, నేను కాగితాలు అక్కడే వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను. అది నా పదకొండో ఏటి వేసవి సెలవుల వాసన. చీరాలలో మా రమణ బాబాయి కంప్యూటర్ సెంటర్ వాసన.

మాది మగ్గాల వీధి. పొద్దున్నే ఇంటింటా మగ్గాలు టకటకమని మొదలైతే పక్కనున్నవాళ్ళతో మాట్లాడాలన్నా కేకేయాల్సిందే, అందుకేనేమో మా వీధివాళ్ళ గొంతులన్నీ పెద్దవి. ఎండాకాలం పడుగు నూలుకి పట్టిన గంజి పులిసిన వాసన, రంగులద్దే తొట్లలోంచి వచ్చే ఘాటు, సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి వచ్చే ఉప్పగాలి, మిరపకాయల లారీ మలుపులో ఆగిందంటే వీధి వీధంతా ఒకేసారి తుమ్ములు. నానమ్మ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని నూలు కండెలు చుడుతూ, తాటిముంజలవాడు వస్తే రాట్నం ఆపకుండానే బేరమాడేది. మేం ఆడపిల్లలం ఆ పక్కనే అచ్చంగిల్లాలు ఆడేవాళ్ళం, రాయి ఎగిరి కండెల బుట్టలో పడితే మాత్రం ఆమె రాట్నం ఆగేది, మా వీపులు మోగేవి.

మా నాన్న నేసేవాడు కాదు, గీసేవాడు. చీర అంచులో రావలసిన బొమ్మను గళ్ళ కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ పోయేవాడు. ఒక గడి అంటే ఒక పోగు. ఆ కాగితం చూసుకుంటూ అట్టలకి చిల్లులు కొడితే, ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతూ బొమ్మని బట్టలోకి దింపేవి. నాన్న గీసినవాటిలో అందరికీ ఇష్టమైనది హంసల అంచు. అయిదు హంసలు వరసగా నడుస్తుంటాయి, ఒక్కదాని మెడ వంపు ఇంకోదానికి ఉండదు. ఆ అంచు మీదే మా వీధిలో చాలా మగ్గాలు ఆడేవి. ఆ కాగితాలన్నీ రేకుపెట్టెలో వేపాకు పరిచి దాచేవాడు. అయినా ఒక వానాకాలం చెదలు పట్టి అడుగున ఉన్నవన్నీ పొడైపోయాయి. రెండు రోజులు నాన్న అన్నం సరిగ్గా తినలేదు.

రమణ బాబాయి నాన్నకి తమ్ముడు. ఊళ్ళో కొత్త వస్తువేదైనా ముందు ఆయన చేతిలోనే కనపడాలి. లెక్కలు చేసే చేతిగడియారం, చెవుల్లో పెట్టుకుని వినే టేప్‌రికార్డర్, బొమ్మలొచ్చే సెల్‌ఫోన్, అన్నీ ముందు నాకే చూపించేవాడు, ముట్టుకోనిచ్చేవాడు, విప్పి లోపలేముందో చెప్పేవాడు. ఆయన కంప్యూటర్ సెంటర్‌లోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల ఏసీ చల్లదనం, తువ్వాలు కప్పిన మానిటర్లు, గోడకి సాయిబాబా క్యాలెండర్. అంత చల్లని గది నేను అంతకుముందు చూడలేదు.

చెదల సంగతి తెలిసిన బాబాయి, వేసవి సెలవులివ్వగానే మా ఇంటికొచ్చాడు. "అన్నయ్యా, కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించేద్దాం. చెదలూ పట్టవు, తడవవు కూడా."

"ఇంకొకళ్ళ చేతికివ్వటం నాకిష్టం లేదురా," అన్నాడు నాన్న.

"ఇంకొకళ్ళెందుకు? మన చిట్టి చేస్తుంది. ఏమే, చేస్తావుగా?"

నేను నాన్న మోకాళ్ళు పట్టుకుని వేలాడాను. మూడు రోజులు వేలాడాక ఒప్పుకున్నాడు. నా మొహం చూసి ఒప్పుకున్నాడు.

ఆ సెలవులంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. మధ్యాహ్నం అన్నం తినగానే రేకుపెట్టెలోంచి పది కాగితాలు, అంతకు మించి నాన్న ఇచ్చేవాడు కాదు, అమ్మ పాత చీరముక్కలో చుట్టుకుని పరుగెత్తేదాన్ని. స్కానర్ మూత ఎత్తి, కాగితం బోర్లించి, ఆ వెలుగు పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. తర్వాత తెర మీద శుభ్రం చేయాలి. దుమ్ము వల్ల పడ్డ చుక్కలు తుడవడం, చెరిగిన గడులు నింపడం బాబాయి నేర్పాడు. ఒక హంసని పట్టుకుని బొత్తాం నొక్కితే అది అద్దంలో చూసుకున్నట్టు ఎదురు తిరిగేది. తప్పు చేస్తే ఇంకో బొత్తాం, తప్పు పోయేది. నాన్న రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం చిరిగిపోవడం గుర్తొచ్చి, ఈ మాట ఆయనకి చెప్పాలని ఇంటికి పరుగెత్తేదాన్ని. నాన్న నవ్వి, "తప్పు అంత తేలిగ్గా పోతే చెయ్యి ఎప్పటికి కుదురుతుందమ్మా," అనేవాడు.

హంసల అంచు శుభ్రం చేసిన రోజు నేనొక చిలిపి పని చేశాను. మా తమ్ముడికి అమ్మ బుగ్గన దిష్టిచుక్క పెట్టేది. మూడో హంస ఎందుకో నాకు వాడిలాగే అనిపించి, దాని కంటి కింద ఒక్క గడి నింపాను. అంతే, ఒక్క గడి. ఎవరికీ చెప్పలేదు. బాబాయి అన్నీ సీడీలో ఎక్కించి, మీద నా చేతే నాన్న పేరు రాయించి, "చూశావా, మీ నాన్న కష్టమంతా నీ అరచేతిలో ఉంది," అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది.

దసరా ముందు అమ్మ నన్ను బజారుకి తీసుకెళ్ళింది. ఒక బట్టల కొట్టు బయట చీరలు గుట్టగా పోసి చౌకగా అమ్ముతున్నారు. మెరిసే మరమగ్గం చీరలు, జారిపోయే గుడ్డ. అమ్మ ఒకటి తీసి అంచు నా వైపు తిప్పింది. హంసల అంచు. అయిదు హంసలు, అవే మెడలు. నేను మూడోదాన్ని వెతికాను. కంటి కింద చుక్క ఉంది.

అది నాన్న కాగితం చూసి ఎవరో కాపీ కొట్టింది కాదు. కాగితం మీద ఆ చుక్క లేదు.

ఆయుధపూజ రోజు ఇంట్లో పులిహోర, గారెలు. మగ్గాలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. బాబాయి తన మానిటర్లకి కుంకుమబొట్లు పెట్టి, ఆ చేతులతోనే మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అమ్మ బజార్లో కొనుక్కొచ్చిన ఆ చీరని నాన్న తెచ్చి ఆయన ముందు పరిచాడు.

"ఇదేందిరా?"

"నాకేం తెలుసన్నయ్యా. హంసలు ఎవరైనా గీస్తారు."

నేను ఆగలేకపోయాను. "కాదు నాన్నా, ఈ చుక్క నేను పెట్టింది. కంప్యూటర్లో పెట్టాను. సీడీలో ఉంది."

బాబాయి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏదో దొరికినట్టున్న చూపు అది. "విన్నావుగా అన్నయ్యా, అదే చెబుతోంది. సీడీలన్నీ దీని దగ్గరే ఉండేవి. స్నేహితులందరికీ ఆటల సీడీలు పంచిపెట్టింది. ఏ సీడీ ఎవరికిచ్చిందో."

ఆటల సీడీలు నేను ఇచ్చిన మాట నిజం. నాకు ప్రపంచంలో వస్తువులన్నీ విప్పి చూపించిన మనిషి, నన్ను చూపించి తప్పించుకుంటున్నాడు.

ఆయన వెళ్ళాక నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు. "నువ్వు ఎవరికైనా ఇచ్చావా అమ్మా?"

లేదన్నాను. "సరే," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ రేకుపెట్టెకి తాళం పడింది. నాన్న గీస్తుంటే పక్కన కూర్చుని పెన్సిళ్ళు చెక్కే పని నాకిక లేదు. పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. ఆ చౌక చీరలొచ్చాక, సంక్రాంతి నాటికి హంసల అంచు నేయించేవాళ్ళే లేకపోయారు. రెండేళ్ళలో నాన్న గీయడమే మానేసి పొగాకు కంపెనీలో గుమస్తాగా చేరాడు. బాబాయి సెంటర్ ఎత్తేసి హైదరాబాదు వెళ్ళాడు. ఆ మరమగ్గాలవాళ్ళకి డిజైన్లు చేసే ఉద్యోగంలోనే చేరాడని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇప్పుడు నేను చేసేది కూడా కంప్యూటర్ల పనే. నాన్న నా దగ్గరే ఉంటాడు. పోయిన నెల బాబాయి ఏదో పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగాడు. జుట్టు నెరిసింది, చేతిలో మాత్రం కొత్త టాబ్లెట్, దానికో పెన్ను. "చూడమ్మా చిట్టీ, గీత ఎంత మెత్తగా పడుతుందో," అంటూ నా చేతికిచ్చాడు. నేను ఇన్నేళ్ళకి అడిగాను. "బాబాయ్, ఆ హంసల అంచు ఎందుకిచ్చావు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఏ హంసలమ్మా?" అన్నాడు. దాచడం కాదది. మర్చిపోయాడు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చి బాల్కనీలో నాన్న పక్కన కూర్చున్నాను. పోయినసారి చీరాల వెళ్ళినప్పుడు చూశాను, మా వీధిలో ఇప్పుడు మాటలు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మగ్గాలున్న గుంటలు పూడ్చి టైల్స్ వేశారు. బాబాయి సెంటర్ ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నారు. రేకుపెట్టె ఏమైందో ఎవరికీ తెలియదు.

"నాన్నా, ఆ రోజు నేను ఎవరికీ ఇవ్వలేదు," అన్నాను.

"తెలుసమ్మా. నువ్వు చుక్క చూపించినప్పుడే తెలిసింది."

"మరి నన్నెందుకడిగావు?"

"నువ్వు ఇచ్చానంటే బాగుండుననిపించింది. చిన్నపిల్ల, తెలియక ఇచ్చిందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి. వాడైతే ఎట్లా సరిపెట్టుకోను?"