అద్దాల గదిలో యమున

కళింగపట్నంలో ఎవరిని అడిగినా యమున పార్లమెంటులో మాట్లాడుతుందనే చెబుతారు. ఆమె ఎంపీ కాదని ఆ చెప్పేవాళ్లకూ తెలుసు. సభలో ఎవరైనా తెలుగులో మాట్లాడితే ఆ మాటను అక్కడికక్కడే ఇంగ్లీషులో చెప్పడం ఆమె ఉద్యోగం. సభ పక్కనున్న అద్దాల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు ముందు కూర్చుంటుంది. తెలుగు రాని సభ్యులకు చెవిలో వినిపించేది ఆమె గొంతే.

ఈ విద్యకు ఓనమాలు పడింది కోటబొమ్మాళి సంతలో. తండ్రి ధనరాజ్ సముద్రంలో వేటకు వెళ్లేవాడు. పచ్చిగా అమ్ముడుపోని చేపల్ని తల్లి నారాయణమ్మ తీరంలో ఇసక మీద ఎండబెట్టి, గంపకెత్తి సంతకు తీసుకెళ్లేది. ఒడిశా నుంచి వచ్చే వ్యాపారులకు తెలుగు అంతంత మాత్రం. నారాయణమ్మకు ఒడియా ముక్క రాదు. సెలవు రోజుల్లో తల్లి వెంట వెళ్లిన యమున, ఆ గంపల మధ్య తిరుగుతూనే ఒడియా పట్టేసింది. బేరాలు ఆమె నోటి మీదుగా నడిచేవి.

ఒకసారి ఒక వ్యాపారి గంపలోని నెత్తళ్ల చేపలు వాసన చూసి, ఇవి మనుషులు తినేవేనా అన్నాడు. తల్లి నొచ్చుకుంటుందని యమున ఆ మాట మింగేసి, "కొంచెం తగ్గించమంటున్నాడమ్మా" అంది.

నారాయణమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఆడి మొకం సూత్తే తెలీదేటే? ఆడేటన్నాడో అదే సెప్పు. నువ్వు కలపకు, నువ్వు తియ్యకు. జవాబు నాను సెప్తాను."

యమున ఉన్నదున్నట్టు చెప్పింది. తల్లి జవాబూ ఉన్నదున్నట్టే అతనికి అందించింది. తినేవో కావో నీ పెళ్లాన్ని అడిగి రా, పోయిన సంతలో నువ్వు పట్టికెళ్తే వండింది ఆవిడే కదా, అని. వ్యాపారి పగలబడి నవ్వి గంపంతా కొన్నాడు.

ఆ పిల్ల ఇంగ్లీషు ఎమ్మే చేసి, శ్రీకాకుళంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పేపర్లో ప్రకటన చూసి పరీక్ష రాసి ఢిల్లీ వెళ్లింది. ఉద్యోగం బాగుంది. చేరిన కొత్తలో క్యాంటీన్లో ఎవరో పిలిస్తే "ఏటి?" అని తిరిగింది. పక్కనున్న తెలుగువాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, కానీ ఆ రోజు నుంచి ఆమె నోట్లో ఆ మాట ఆగిపోయింది. అందరితోనూ అచ్చులో ఉండే తెలుగు మాట్లాడేది. అమ్మ ఫోను వస్తే వరండా చివరికి వెళ్లి, గోడవైపు తిరిగి, మెల్లగా మాట్లాడేది.

"ఎవులైనా పడుకున్నారేటి, అలగ గుసగుసలాడతన్నావు?" అనేది నారాయణమ్మ. యమున ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది.

ఆమె ఢిల్లీలో ఉండగానే ఒక తుపాను వచ్చి, వాళ్ల పేట ముందరి ఇసకను కోసుకుపోయింది. పడవలు లాగి పెట్టుకోవడానికి మిగిలిందే కాస్త. చేపలు ఎండబెట్టే చోటంతా నీళ్లలో కలిసిపోయింది. ఆడవాళ్లు తారురోడ్డు అంచున పాత వలలు పరిచి, వాటి మీద ఆరబోయడం మొదలుపెట్టారు. దుమ్ము పడేది. లారీలు తొక్కేవి. సంతలో వ్యాపారులు చేపను విరిచి, లోపల ఇసక రవ్వ చూపించి, గంప పక్కకు నెట్టేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఉమాశంకర్ కొత్తగా ఎంపీ అయ్యాడు. కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే కుటుంబం వాళ్లది. చేనుకు ఎప్పుడు నీళ్లు పెట్టాలో తెలుసు గానీ సముద్రం సంగతి తెలియదని ఆయనే ఒప్పుకునేవాడు. పేటకు వచ్చిన రోజున చెప్పులు చేత్తో పట్టుకుని, కోసుకుపోయిన ఒడ్డు పొడవునా నడిచాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఆయనకేమీ అర్థం కాలేదు. నారాయణమ్మ మిగతావాళ్లను ఆపి ముందుకొచ్చింది.

"బాబూ, ఇవన్నీ డిల్లీలో సెప్తావా?"

"చెప్తానమ్మా. సభలో అడుగుతాను."

"ఏ బాసలో సెప్తావు?"

ఉమాశంకర్‌కు నవ్వు వచ్చింది. "ఇంగ్లీషులో చెప్పాలమ్మా, అందరికీ తెలియాలి కదా."

"నువ్వు ఇంగిలీసులో సెప్తే మాకేటి తెలుస్తాది? మా మాట అడిగినావో లేదో మేమెలగ సూడాల? తెలుగులో సెప్పు నాయనా. మా గుంట, నా కూతురు యమున, అక్కడే ఉన్నాది. నువ్వు సెప్పింది అది ఆల్లకి సెప్తాది."

ఆయన మొదట నమ్మలేదు. పక్కనున్న తాయారమ్మ ఫోనులో యమున ఫొటో చూపించింది. మెడలో గుర్తింపు కార్డుతో, పార్లమెంటు ముందు నిలబడి ఉంది. అప్పుడు నమ్మాడు. వెళ్లేటప్పుడు నారాయణమ్మ ఒక పొట్లం ఆయన చేతిలో పెట్టింది. అందులో ఎండు నెత్తళ్లు. రోడ్డు మీద ఎండినవి కావని, తన డాబా మీద ఎండేసినవని ఒట్టేసి చెప్పింది. "మా గుంటకిచ్చీ బాబూ. అక్కడ దొరకవు." వద్దంటే ఊరుకుంటుందా. విమానంలో ఆ పొట్లం మూడు కవర్లు దాటి వాసన వేసిందని, పక్క సీటాయన చాలాసేపు ముక్కు మీంచి రుమాలు తియ్యలేదని ఉమాశంకర్ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ఆయన మాట్లాడే రోజున యమునకు డ్యూటీ ఉంది. పక్క కుర్చీలో తెనాలి నుంచి వచ్చిన అనూరాధ. ఇద్దరూ వంతులవారీగా చెబుతారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకుంటారు. తన ప్రాంతం ఎంపీ తెలుగులో మాట్లాడతాడని యమునకు తెలుసు. ఏం మాట్లాడతాడో తెలియదు. ముందు రోజు అమ్మ ఫోనులో ఎందుకో ఊరికే నవ్వింది గానీ ఏమీ చెప్పలేదు.

ఉమాశంకర్ లేచి, కాగితం చూస్తూ మొదలుపెట్టాడు. వంశధార చివరి పొలాల్లోకి పోటు వేళ సముద్రపు నీరు ఎగదన్నుతోందని, వరి చేలు చౌడు తేలిపోతున్నాయని, రైతుకు ఆ నీటిని ఆపే గేట్లు కావాలని చెప్పాడు. కాగితం మీది తెలుగు కాబట్టి యమున సాఫీగా చెప్పుకుపోయింది. రెండో కాగితం తిప్పాక ఆయన ఆగాడు. ఏమనుకున్నాడో, కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"అధ్యక్షా, మా అమ్మలు సేపలు ఎండేసుకునే ఇసకని సంద్రం తినేసినాది. మగోళ్లు ఏటకెల్లి తెచ్చిన సేపని ఎక్కడ ఆరెయ్యాల? రోడ్డు మీద ఆరేస్తన్నారు. లారీ తొక్కితే తొక్కినాది, తొక్కనిది సంతకి పట్టికెల్తన్నారు."

యమున హెడ్‌ఫోన్లను చెవులకు నొక్కుకుంది. చెవిలో వినిపిస్తున్నది వాళ్ల పేట. అనూరాధ కంగారుగా కాగితం మీద 'ఏరు?' అని రాసి ముందుకు జరిపింది. ఏటకెల్లడమంటే ఏటికి వెళ్లడమేమో అనుకుంది ఆ అమ్మాయి. యమున తల అడ్డంగా ఊపి, సముద్రంలో చేపల వేటకు వెళ్లడమని ఇంగ్లీషులో చెప్పేసింది. కావాలంటే నేను అందుకుంటానని అనూరాధ చేత్తో సైగ చేసింది. వద్దని యమున కళ్లతోనే చెప్పింది.

అధ్యక్ష స్థానం నుంచి గంట మోగింది.

"ముగిస్తన్నాను అధ్యక్షా. మా అమ్మలు పెద్దదేటీ అడగడం లేదు. సేపలు ఆరేసుకోడానికి, కెరటం అందని మెరక మీద సిమెంటు గట్లు కట్టమంటన్నారు. అంతే."

సభ్యుడు 'మా' అంటే వినిపించే గొంతు కూడా 'మా' అనాలి. అది ఆ ఉద్యోగపు నియమం. యమున 'మా అమ్మలు' అనే చెప్పింది. ఆ మాట దగ్గర గొంతు కొద్దిగా ఒరుసుకుపోయింది. అయినా వాక్యం తెగనివ్వలేదు. మైకు కట్టేశాక కుర్చీలో వెనక్కి వాలి, నీళ్లు తాగి, అనూరాధతో "మా అమ్మ మాటలే అయ్యి. అచ్చం అలగే అంటాది" అంది. ఆ అద్దాల గదిలో ఆమె నోట ఆ యాస రావడం అదే మొదటిసారి. అనూరాధ నవ్వలేదు. "ఇంకోసారి అనవూ" అంది.

సాయంత్రం వరండాలో ఉమాశంకర్ ఎదురొచ్చాడు. "నారాయణమ్మగారి కూతురివి నువ్వేనా అమ్మా? నీ పొట్లం మా ఇంట్లో ఉంది. బేగి వచ్చి పట్టికెళ్లు. మా ఆవిడ కిటికీలు మూయనివ్వడం లేదు." యమున ఆ రాత్రి వాళ్లింట్లోనే నెత్తళ్లు, వంకాయ వేసి కూర వండింది. కిటికీలు మూయనివ్వని ఆవిడే రెండోసారి వడ్డించుకుంది.

పేటలో ఆ ప్రసంగాన్ని తాయారమ్మ ఫోనులో అందరూ చూశారు. ఎంపీ గొంతు విన్నాక, ఇంగ్లీషులో వచ్చేది పెట్టమని నారాయణమ్మ అడిగింది. మొదటి నుంచి చివరిదాకా విని, మళ్లీ పెట్టమంది.

"నీకేటి అర్థమయినాదే?" అని తాయారమ్మ వేళాకోళం చేసింది.

"గుంటకి జలుబు సేసినట్టున్నాది. ఆకరున గొంతు జీరబోనాది," అంది నారాయణమ్మ. వెంటనే ఫోను చేసి మిరియాల పాలు తాగమని చెప్పింది. యమున ఈసారి గోడవైపు తిరగలేదు. నలుగురూ తిరిగే వరండాలోనే, "జలుబు కాదే అమ్మా, నీ మాటలు ఇనేసరికి అలగయిపోనాది" అంది గట్టిగానే.

పనులు ఒక్క మాటతో అయిపోలేదు. ఢిల్లీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అధికారులు వచ్చి మెరక చూసి, కొలిచి, వెళ్లిపోయారు. ఎంపీ రెండుసార్లు మళ్లీ అడిగాడు. పేటకు ఎగువన సిమెంటు గట్లు లేచేసరికి మరో వర్షాకాలం గడిచింది. అడిగినన్ని రాలేదు. వచ్చినవాటిని ఆడవాళ్లు వంతులు వేసుకుని వాడుకుంటున్నారు. సిమెంటు మీద చేప అడుగు తొందరగా మాడుతోందని నారాయణమ్మ ఎంపీకి కొత్త ఫిర్యాదు చేసింది. ఆయన ఈసారి నవ్వకుండా విని, గట్ల మీద వెదురు తడకలు వేయించాడు. పొలాలకు గేట్లు మాత్రం ఇంకా రాలేదు. ప్రతి సమావేశంలోనూ ఆయన వాటి కోసం లేస్తూనే ఉన్నాడు, యమున చెబుతూనే ఉంది.

వచ్చే సమావేశాలకు నారాయణమ్మను యమున ఢిల్లీ రమ్మంది. ప్రేక్షకుల గ్యాలరీకి పాసు తాను ఇప్పిస్తానన్నాడు ఉమాశంకర్. భోగాపురంలో కడుతున్న విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరనీ, అప్పుడొస్తానని కొన్నాళ్లు సాగదీసింది గానీ, చివరికి రైలుకే ఒప్పుకుంది.

"అక్కడ మాటాడకూడదమ్మా," అని యమున ముందే చెప్పింది.

"అస్సలా?"

"అస్సలు. సెయ్యి కూడా ఊపకూడదు."

"మరి నువ్వు కూకున్న గది అవుపిస్తాదా నాకు?"

"అవుపిస్తాది."

"అయితే వస్తాను. టికెట్టు తియ్యి," అంది.