థైరాయిడ్ కాని కణాలు

మా మేడమ్ పోయారని పోయిన మంగళవారం ఫోన్ వచ్చింది. చెప్పింది ఆవిడ ల్యాబ్‌లో నాతోపాటు చదువుకున్న స్నేహితురాలు. చాండ్లర్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో కారులోనే కూర్చుని ఏడ్చాను. పదేళ్ల కిందట మేడమ్ ఎవరో కూడా తెలియని నేను!

ఈ దేశం వచ్చి బాతెల్ ఊరి దగ్గర ఆవిడ ల్యాబ్‌లో పరిశోధనకు చేరిన కొత్తలో నాకు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే పుస్తకంలో నిర్వచనమే తెలుసు. మేడమ్‌ది తెనాలి. ఓ మధ్యాహ్నం ల్యాబ్ మెట్ల మీద కూర్చుని, పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని చెప్పారు: "ప్రతి కణంలోనూ వంటల పుస్తకం ఒకటేనమ్మా. ఇవాళ పప్పుచారా, పులిహోరా అని పేజీ తీసే ఇంటావిడ ఉంటుంది చూడు, అదీ ఈ ప్రోటీన్. థైరాయిడ్ కణంలో ఆవిడ పేరు పాక్స్ ఎయిట్. మరి క్యాన్సర్ వచ్చాక ఆవిడేమైనట్టు? ఇల్లొదిలి పోయిందా, అక్కడే ఉండి ఆ గడ్డకే వండిపెడుతోందా?" అడిగి, ఆవకాయ ముక్క నోట్లో వేసుకున్నారు. ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది.

ల్యాబ్‌లో ఫ్లాస్కుల్లో పెంచే కణాలకు పండగల్లేవు, రోజు విడిచి రోజు తిండి మార్చాల్సిందే. ఒక ఉగాదినాడు నాకు జ్వరమొస్తే మేడమ్ పట్టుచీర మీద తెల్లకోటు తొడుక్కుని వచ్చి, నా ఫ్లాస్కులన్నిటికీ తిండి మార్చి వెళ్లారు. మర్నాడు థాంక్స్ చెప్తే, "వాటికి జ్వరం లేదు కదే" అన్నారు.

రెండో ఏడు ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ కణాల్లో నాకు అద్భుతం కనిపించింది. అవి విపరీతంగా పెరుగుతున్నాయి, పాక్స్ ఎయిట్ మాత్రం బొత్తిగా లేదు. ఇంటావిడ పోయింది కాబట్టే కణం చెలరేగిందని రాసేసుకున్నాను. నా థీసిస్ మొత్తం దాని మీదే కట్టాను. మేడమ్ మెచ్చుకుంటారనుకుంటే, ఎప్పటిలాగే "ఇంకేమై ఉండొచ్చు?" అన్నారు.

"మీకన్నీ అనుమానాలే మేడమ్!" అన్నాను ఉక్రోషంగా.

"అనుమానం కాదే పిల్లా, ఆరాటం. అసలు ఆవిడ ఆ ఇంట్లో ఎప్పుడైనా ఉందా?" అని, కణాలను డీఎన్ఏ పరీక్షకు పంపించారు.

పది రోజులకు రిపోర్ట్ వచ్చింది. అవి థైరాయిడ్ కణాలే కావు. చర్మ క్యాన్సర్‌వి. ఎప్పుడో ఏదో ల్యాబ్‌లో ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి చుక్క పడి ఉంటుంది. ఆ తర్వాత లేబుల్‌ను నమ్మి అందరం పెంచుకుంటూ వచ్చాం. ఏడాదిన్నర పని నీళ్లపాలైంది. డిగ్రీ ఆలస్యమైతే నా వీసా ఏమవుతుందోనని భయం. అంతకంటే ఘోరం, మేడమ్‌కు పేరు తెచ్చిన పాత పరిశోధన పేపర్ ఒకటి ఆ కణాల మీదే ఉంది.

"నా థీసిస్‌లోంచి ఈ కణాల్ని తీసేద్దాం మేడమ్. పాత పేపర్ సంగతి ఎవరికి తెలుస్తది?" అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆవిడ తిట్టలేదు. "ఎవరో పిల్ల ఆ పేపర్ చదివి, ఇవే కణాలు తెప్పించుకుని, నీలాగే ఏడాదిన్నర పోగొట్టుకుంటుంది. దానికి వీసా లేదా ఏంటి?" అన్నారు. నా వీసాకు ఆధారమైన ఐ-20 కాగితం పొడిగింపుకు కావలసిన ఉత్తరం ముందు రాసిచ్చారు. తర్వాత తన పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నట్టు, అది అచ్చేసిన పత్రికకు ఉత్తరం పెట్టారు. నా డిగ్రీకి ఇంకో ఏడాది పట్టింది. అసలైన థైరాయిడ్ కణాల్లో పాక్స్ ఎయిట్‌ను తగ్గిస్తే పెరుగుదల మందగించడం నా కళ్లతో చూశాను. మేము ఈసారి వాడిన కణాల్లో ఇంటావిడ ఇల్లొదల్లేదు, అక్కడే ఉండి వండుతోంది. మేడమ్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

కానీ నాకు ఎప్పుడూ కళ్లలో మెదిలేది పత్రికకు ఉత్తరం పంపిన ఆ మధ్యాహ్నం. ఆ తప్పుడు కణాల ఫ్లాస్కులు పారేద్దామని కోపంగా లోపలికి వెళ్లాను. మేడమ్ అప్పటికే ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. పేరు తెచ్చిన పేపర్ పోయి అరగంట కాలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వంగి, తెనాలి యాసలో ఆ కణాలను అడుగుతున్నారు: "ఇన్నేళ్లూ మా ఇంట్లో తిన్నావు. ఎవరి పిల్లవే నువ్వు?"