చనిపోయిన కెప్టెన్ టీ తాగిన ఆట

సినిమా రీళ్లు డబ్బాల్లో బస్సెక్కి వచ్చే రోజుల చివర్లో, ఒక వేసవిలో, రాజోలులో ఓ సినిమా హాలుకి నేను హెడ్ ఆపరేటర్ని. క్యాబిన్లో ప్రొజెక్టర్లు రెండు. ఒకదానిలో రీలు అయిపోతుండగా రెండోదానిలో తరవాతి రీలు అందుకోవాలి. ఏది తరవాతిదో డబ్బా మీది అంకె చెబుతుంది. ఆ అంకెను గుడ్డిగా నమ్మడం నా తప్పు.

అది యుద్ధం సినిమా. అమలాపురంలో ఆడి వచ్చిన ప్రింటు. చివరి రెండు రీళ్లు ఒకదాని డబ్బాలో ఒకటి పెట్టి పంపారు. శుక్రవారం ఫస్ట్ షోలో తూటా తగిలి చనిపోయిన కెప్టెన్, తరవాతి రీల్లో గుడారంలో కూర్చుని టీ తాగుతున్నాడు. సినిమా అక్కడే అయిపోయింది! హాలంతా ఈలలు, తిట్లు. ఓనరుగారు పైకొచ్చి, ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పొమ్మన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వరస సరిచేసి మ్యాట్నీ వేశాను. ఆట వదిలాక ఒకాయన ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని క్యాబిన్‌కి వచ్చారు. పేరు దావీదు, సైన్యంలో హవల్దారు. సెలవు అయిపోయి రేపే ప్రయాణమట. పిల్ల ఎస్తేరు ఏడ్చి ఏడ్చి ఉంది.

"నిన్న ఆ కెప్టెన్ గారు లేచేరు కదండీ మావయ్యగారూ! ఇవాళెందుకు లేవలేదండీ?"

నిన్నటిది నా పొరపాటమ్మా అనబోయాను. దావీదుగారు వద్దన్నట్టు తల ఊపారు.

"రాత్రి హాయిగా పడుకుందండీ. నేను సెలవు మీదొచ్చేక భయం లేకుండా పడుకోడం అదే మొదలు. ఇంకొక్కసారి అలాగే వేసి చూపిస్తారేంటండీ?"

ఓనరుగారు చూస్తే ఉద్యోగం పోతుంది. పైగా తప్పును తెలిసి చెయ్యడం ఏం పని? నోరు మాత్రం ఒప్పుకుంటూ "ఆయ్" అనేసింది.

ఫస్ట్ షోకి ఇంకా గంట ఉంది. ఓనరుగారు ఇంటికెళ్లారు. ఖాళీ హాల్లో ఆ ఇద్దరికోసం ఆ రెండు రీళ్లూ తలకిందుల వరసలో వేశాను. కెప్టెన్ టీ గ్లాసు ఎత్తగానే పిల్ల కుర్చీలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ తండ్రి తెర వైపు చూడనే లేదు, కూతుర్నే చూస్తూ కూర్చున్నారు.

మరుసటి వేసవిలో దావీదుగారు సెలవు మీద వచ్చి కనబడ్డారు. అమ్మయ్య అనుకున్నాను. వెళ్లేటప్పుడు పాప ఏడ్చిందా అని అడిగాను.

"లేదండీ. బస్సు దగ్గర నవ్వుతూ చెయ్యూపిందండీ. తూటా తగిలినా పర్లేదు నాన్నా, లేస్తావుగా అంది."

చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

అప్పట్నుంచి రిటైరయ్యేదాకా డబ్బా మీది అంకెను నమ్మలేదు. ఫిల్ము మొదట్లో ఉండే అంకె కళ్లతో చూసుకునే రీలు ఎక్కించాను. ఆ పిల్లకి నిజం చెప్పి ఉండాల్సిందా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.