పిన్ని చెప్పని సగం

మా నర్సు పిన్ని పోయింది. మొన్న పొద్దున్న, ఇక్కడే రాయపూర్ మోవాలో తన మేనకోడలి ఇంట్లో టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయిందట. కబురు వినగానే నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు ఆ తరవాతే వచ్చింది. ఆ వరస ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

పిన్ని నాకు చుట్టం కాదు. విజయనగరం వైపు నుంచి పెళ్ళయి రాయపూర్ వచ్చాను. మామగారి రైల్వే క్వార్టరులో కాపురం. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. పక్క క్వార్టరులో ఆవిడ ఉండేది, మన వైపు మనిషే. భర్త లేడు, పిల్లల్లేరు, ఒక లేడీ డాక్టరు దగ్గర నర్సు. కూరల బండి దగ్గర బేరం మొదలుకొని అన్నిటికీ నా నోరు ఆవిడే. "నువ్వూరికే తలూపవే, మిగతాది నేను చూసీసుకుంటాను" అనేది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నాకు అమ్మ లేని లోటు తీర్చింది. అది అబద్ధం కాదు.

మా ఆయనకి ఊరి చివర భన్‌పురిలో లారీల ఆఫీసులో పని. సరుకు వెంట ఊళ్ళు తిరిగేవాడు. నాకు నెల తప్పగానే పిన్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నా పొట్టకేసి చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటోంది పిన్నీ?"

"రక్తం పల్చబడిందట. బలానికి సూదులు. ఏటీ భయం లేదు."

అంత పొడుగు హిందీకి ఇంత పొట్టి తెలుగా అని నవ్వాను కూడా. ముందు చర్మం మీద చుక్కంత మందు పొడిచి, పడుతుందని చూసుకున్నాకే పిన్ని సూదులు వేసింది. ఆవిడ చెయ్యి ఎంత తేలికో! పెద్దాడు నిక్షేపంలా పుట్టాడు.

రెండోసారి కడుపొచ్చినప్పుడు నేను ఏడో నెల దాకా డాక్టరు మొహం చూడలేదు. బలానికి లోటేముందిలే అనుకున్నాను. ఆ నెల్లోనే కాన్పయింది, ఆడపిల్ల. ఏడవలేదు, కళ్ళు తెరవలేదు.

అప్పటికి నాకు హిందీ వచ్చేసింది. డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి అడిగింది, "తుమ్హారే ఆద్మీ కో సూయీ లగీ థీ కి నహీ?" నీ మొగుడికి సూదులు వేయించావా లేదా అని! ఆయనకెందుకు అన్నాను. అప్పుడు మళ్ళీ మొత్తం చెప్పింది. మా ఆయన బయట తెచ్చుకున్న సుఖవ్యాధి నాకు అంటిందట. ఆ సూది కడుపులో బిడ్డకి చేటు చేయదు, వేయించుకోకపోతేనే చేటు. నాతోపాటు ఆయనకీ వేయించాలి, ఇద్దరికీ నయమయ్యేదాకా దూరంగా ఉండాలి, మళ్ళీ కడుపు వస్తే మొదట్లోనే రక్తం చూపించుకోవాలి. ఇదంతా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడే చెప్పింది. నా ఎదురుగానే, పిన్నితో.

లేచి తిరగగలిగిన రోజున వెళ్ళి అడిగాను. పిన్ని సిరంజీలు మరగబెడుతోంది.

"మీ ఆయనకి చెప్పానే. వేయించుకుంటానన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. కొత్త కాపురం. తెలిస్తే నువ్వు ఉండేదానివా?"

"నా కాపురం నిలబెట్టడానికి నా కూతుర్ని తీసేశావు పిన్నీ!"

ఆవిడ స్టవ్వు కట్టేసింది.

మా ఆయనది ద్రోహమే. ఆయన్ని తిట్టాను, ఏడిపించాను, ఆ కథ వేరు. కానీ మగవాడి మీద ఆడదానికి కాస్తో కూస్తో అనుమానం ఉంటుంది. పిన్ని మీద నాకు అది కూడా లేదే! ఎవరిని నమ్మి కళ్ళు మూసుకున్నానో ఆవిడే నన్ను చీకట్లో ఉంచింది.

ఆ తరవాత మా ఆయన్ని రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది పిన్నే. మన వైపు నుంచి కొత్త కోడలు ఎవరొచ్చినా నాకు కబురు చేసేది. "నువ్వొచ్చి చెప్పవే, నాకు నోరు రాదు" అనేది. వెళ్ళి డాక్టరమ్మ అన్నది అన్నట్టు చెప్పేదాన్ని. ఆవిడ గోడవారగా నిలబడి వినేది. తప్పయిందని మాత్రం ఒక్కనాడూ అనలేదు. నేనూ క్షమించానని అనలేదు. ఆవిడ చేతి చారన్నం తింటూ కూడా అనలేదు.

పాడె ముందు కొమ్ము మా పెద్దాడు ఎత్తుకున్నాడు. ఆవిడ సూదులే లేకపోతే వాడు లేడు. ఇంకా ముగ్గురు కావాలని ఎవరో కేకేస్తే వీధిలో వాళ్ళు వచ్చి పట్టారు. ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం. వాడు ఏడుస్తూ నడుస్తున్నాడు. ఇంటికొస్తే ఓదార్చడానికి తోడబుట్టినది లేదు. నాకు ఒక్కసారిగా దుఃఖం పొంగింది. పిన్ని కోసమే అనుకుని అందరూ నన్ను పట్టుకున్నారు.