తలుపు పలక మీద మూడు గుండ్లు

అది ఆదివారం. 2001 మే నెల, మొదటి ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. కాశీబుగ్గలో మా మరిది పెట్టిన వీడియో గేమ్ షాపులో, గోడ గడియారం కింద, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నేను గెలిచాను. "టైముతో సహా ఎలా గుర్తుందమ్మా" అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. జనం పెళ్ళి ముహూర్తం గుర్తుపెట్టుకోవడం లేదా? నాకు ఇది గుర్తుంది. నా పెళ్ళి ఎన్ని గంటలకు జరిగిందో మాత్రం గుర్తులేదు. ఆ రోజు నాకెవరూ చెప్పలేదు కూడా.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన వారం మా అమ్మాయి నాకు కొత్త ఫోను కొనిపెట్టింది. దాని తాళం వేలిముద్రతో తెరుచుకుంటుందట. పదేళ్ళ మనవరాలు నా బొటనవేలు పట్టుకుని అద్దం మీద ఒత్తింది, ఎత్తింది, మళ్ళీ ఒత్తింది. ఫోను ఒప్పుకోలేదు. "అమ్మమ్మా, సెయ్యి కడుక్కున్నావా?" అని అడిగింది. శుభ్రంగానే కడుక్కున్నాను. సంగతి వేరే. ఆ వేలి మీద గీతలు లేవు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పిక్కలు కోశాను. ఎడమ చేత్తో పిక్కను కత్తి కింద పెట్టాలి, కాలితో మీట తొక్కాలి, కుడి చేత్తో పప్పు విరగకుండా బయటికి తియ్యాలి. పిక్క పగిలినప్పుడల్లా జీడినూనె చిమ్ముతుంది. ఎంత బూడిద పూసుకున్నా, ఎంత ఆముదం రాసుకున్నా వేళ్ళ తోలు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఊడుతుంది. చివరికి వచ్చే తోలు గీతల సంగతే మర్చిపోయి నున్నగా వస్తుంది. ఈ ముక్క ఫోను ఇప్పుడు చెప్పింది గానీ, దానికంటే ముందే ఒక గుమాస్తా చెప్పాడు.

నేను గెలిచిన ఆ ఏడే, వేసవి మొదట్లో, అమ్మాయిని ఆరో తరగతిలో వేయడానికి ఏదో కాగితం కావలసి ఒక ఆఫీసుకు వెళ్ళాను. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. వేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాను. నల్లటి మచ్చ పడింది, అంతే. గుమాస్తా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఏటమ్మా ఇది? వేలా, గరిటా? ఇంకో వేలు ఎయ్" అన్నాడు. పది వేళ్ళూ వేశాను, పది మచ్చలు పడ్డాయి. "సంతకం రాదు, ముద్రా పడదు. నువ్వనేదానివి ఉన్నావని ఏటి రుజువు?" అన్నాడు. హాస్యానికే అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా ఆయన ఊళ్ళో లేకపోవడంతో మర్నాడు మా మరిది వెళ్ళి, బాబాయిగా సంతకం పెట్టి ఆ పని పూర్తి చేసుకొచ్చాడు. నేను కన్న పిల్లకు ఇంకొకరు సంతకం పెట్టారు. ఆ మాట లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

మా మరిది షాపు అంటే పెద్దదేం కాదు. నాలుగు టీవీలు, ఎనిమిది రిమోట్లు, ఒక గోనెసంచి నిండా క్యాసెట్లు. తలుపుకు రెక్కలు ఉండేవి కావు. నిలువు పలకలు ఒకదాని పక్కన ఒకటి గాడిలోకి దూర్చి మూసేవాడు, పొద్దున మళ్ళీ ఒక్కొక్కటే లాగి గోడకు ఆనించేవాడు. మా అమ్మాయి ఆదివారం చర్చిలో చివరి పాట అయ్యేదాకా కూడా ఆగేది కాదు, కళ్ళు మూసి ప్రార్థన చేసేటప్పుడు జారుకునేది. ఒకరోజు చీపురు పట్టుకుని దాన్ని ఈడ్చుకురావడానికి వెళ్ళాను. మరిది నా చేతిలో చీపురు తీసి మూలన పెట్టి, "వదినా, కొడితే తరవాత కొడుదువు గాని, ఒక్కపాలి కూకో" అన్నాడు. కూర్చున్నాను. నా చిన్నతనంలో ఆటలంటే గవ్వలు, అవీ పని అయ్యాక, పని ఎప్పుడూ అయ్యేది కాదు. అందుకే నా చిన్నతనం కాస్త ఆలస్యంగా, నలభై రెండో ఏట, ఆ ప్లాస్టిక్ స్టూలు మీద మొదలయింది. సిగ్గుపడను, అందులో దాచుకోవడానికి ఏముంది?

క్యాసెట్ పెట్టే ముందు అందరూ దాని మూతిలో ఊదేవారు. అలా ఊదకపోతే బొమ్మ రాదు. మిగతావాళ్ళు బుగ్గలుబ్బించి ఉమ్ముతో సహా ఊదేవాళ్ళు. నేను చేటలో పప్పు కదలకుండా పొట్టు మాత్రం లేచిపోయేలా ఎలా ఊదుతామో అలా సన్నగా ఊదేదాన్ని, మొదటిసారికే బొమ్మ వచ్చేది. దాంతో షాపులో నాకు ఒక ఉద్యోగం దొరికింది. "పిన్నీ, ఇది ఊదీ" అని అన్ని టీవీల దగ్గరి నుంచీ కేకలు. కారు ఆటలు, తుపాకీ ఆటలు నాకు నచ్చలేదు. ఊరికే ఉన్నవాణ్ణి కాల్చడం ఏమిటి? నాకు నచ్చింది ఇటుకల ఆట. పైనుంచి రకరకాల ఇటుకలు రాలతాయి. ఒకటి కర్రలా, ఒకటి డబ్బాలా, ఒకటి కొడవలిలా. తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది, సందు మిగిలితే కుప్ప పెరుగుతుంది. అంతకు రెండేళ్ళ ముందు నన్ను కోత నుంచి తీసి గ్రేడింగులో వేశారు. బల్ల మీద పప్పు పోస్తే విరగని గుండు ఇటు, రెండుగా చీలిన బద్ద అటు, ముక్క కిందికి, చూపు పడే లోపలే చెయ్యి వెళ్ళిపోవాలి. ఆ చేతికి ఇటుకలు ఒక లెక్కా? నాలుగు ఆదివారాల్లో మా అమ్మాయిని దాటేశాను.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. ఆట అయ్యాక పెద్ద స్కోరు చేసినవాళ్ళ పేరుకు తెర మీద మూడు అక్షరాల చోటు వస్తుంది. ఆట మిషన్ ఆపితే ఆ పేరు పోతుంది. అందుకని మరిది ఆదివారం పొద్దుట్నుంచి మిషన్ ఆపేవాడు కాదు. సాయంత్రం ఆరింటికి తెర మీద పైన ఎవరి అక్షరాలు ఉంటే వాటిని సుద్దముక్కతో మధ్య పలక మీద రాసేవాడు. వారం అంతా అవి ఉండేవి. ఫ్యాక్టరీకి పోయే దారి అదే. వారం వారం టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చే ఐటీఐ అబ్బాయి అక్షరాలే ఆ పలక మీద ఉండేవి. పొద్దున షాపు తెరవక ముందు ఆ పలక ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడల్లా నాకు గుమాస్తా గుర్తొచ్చేవాడు. నేను ఉన్నట్టు ఒక గుర్తు ఆ పలక మీద పడాలి. ఇదొక్కటే నా కోరిక. ఇంకేం లేదు.

ఆ ఆదివారం టెక్కలి అబ్బాయి అప్పటికే ఆడేసి, పైన తన పేరు పెట్టేసుకుని, సోడా తాగుతున్నాడు. నేను కూర్చోగానే "పిన్నీ, ఇంటికెల్లి కూర సూసుకో. ఇది సేతులతో ఆడే ఆట" అన్నాడు. "నా సేతులు సూసి మాటాడు బాబూ" అని రెండు చేతులూ వాడి మొహం ముందు పెట్టాను. నల్లటి గోళ్ళు చూసి వాడు స్టూలు జరుపుకున్నాడు. నాతో గ్రేడింగు బల్ల మీద పనిచేసే కంచిలి ఆమె ఆట చూడ్డానికని వచ్చి, ఆట ఆడేది తనే అన్నట్టు నా భుజం మీద వాలిపోయింది. "ఒలే, ఎడంపక్క సందున్నాది, సందు! కర్రొచ్చీదాకా ఆగు!" అని ఒకటే గోల. మరిది, "ఎవులూ మాటాడకండి, వదిన డూటీలో ఉంది" అన్నాడు. పక్క షాపు టైలరు మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇటుకలు వానలా పడుతున్నాయి. నాకు ఏమీ వినపడలేదు. చేతులే ఆడాయి, నేను చూస్తూ ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి అరుపులు. తలెత్తితే మూడుంపావు దాటి అయిదు నిమిషాలు. టెక్కలి అబ్బాయి పేరు ఒక మెట్టు కిందికి దిగింది. పైన మూడు ఖాళీలు మిణుకుమిణుకుమంటున్నాయి.

అక్కడ ఆగిపోయాను. గెలిచే దాకా ఆలోచించాను గానీ, గెలిచాక పేరు రాయాలి కదా అన్నది తట్టలేదు. "అమ్మా, ఇలాగియ్యి, నాను కొడతాను" అని మా అమ్మాయి రిమోట్ మీద చెయ్యి వేసింది. "ముట్టుకోకు" అన్నాను. మళ్ళీ నా బదులు ఇంకొకరా? మీట నొక్కితే అక్షరాలు ఒక్కొక్కటే మారుతున్నాయి. అన్నీ కొత్త మొహాలు. చివరికి ఒక తెలిసిన మొహం వచ్చింది. ఫ్యాక్టరీలో పప్పు నింపే డబ్బాల మీద ఉండేది. బద్దల డబ్బా మీద పాములా మెలిక తిరిగిన అక్షరం, గుండ్ల డబ్బా మీద రెండు లోయల అక్షరం. మా బల్ల మీద ఆడవాళ్ళం అందరం దాన్ని 'గుండు' అనే చదివేవాళ్ళం. అది డబ్ల్యూ అని మాకెవరు చెప్పారు? అన్నిటికంటే మేలు రకం అదే. మూడు ఖాళీల్లోనూ అదే పెట్టాను.

టెక్కలి అబ్బాయికి సోడా పొలమారింది. "డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూనా? పిన్నీ, నీ పేరు ఇంటర్నెట్టా?"

"నీకు సదువొచ్చును గాని పప్పు తెలీదు. అది గుండు. మూడూ గుండ్లే. బద్ద నేదు, ముక్క నేదు" అన్నాను.

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది, కరెంటు పోయింది.

నాలుగు టీవీలూ ఒక్కసారే నల్లబడ్డాయి. ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగింది. షాపులో గోడ గడియారం చప్పుడు ఒక్కటే వినపడుతోంది, అది బ్యాటరీది. మా మరిది మంచివాడే గానీ కట్టుబాటు దగ్గర దేవుణ్ణి కూడా వదలడు. "ఆరింటికి తెర మీద ఏటుంటే అదే రాయాల వదినా. ఇప్పుడు ఏటీ నేదు. నేనేటి సేత్తాను?" అన్నాడు. నేను నల్లటి తెరకేసి చూశాను. అందులో నేనే కనిపించాను, ఏదో మచ్చలాగ. కంచిలి ఆమె మరిది మీదికి లేచింది. ఆమె కంటే ముందు టెక్కలి అబ్బాయి లేచి, సోడా సీసా కింద పెట్టాడు. "అన్నా, నా పేరు కిందికి దిగిపోడం కళ్ళారా సూశాను. ఓడినోణ్ణి నానే సెప్తన్నాను, ఇంకేటి రుజువు కావాల నీకు?" అన్నాడు.

మరిది సుద్దముక్క తీశాడు. రాయబోయాడు. "ఇటు తే" అన్నాను. పుట్టాక సుద్దముక్క పట్టుకోవడం అదే మొదలు. గోడకు ఆనించిన మధ్య పలక మీద మూడు గుండ్లు రాశాను. మొదటిది పెద్దగా, రెండోది వంకరగా, మూడోదానికి చోటు చాలక చిన్నగా. మరిది చూసి, "మిషన్ కొట్టినట్టున్నాది" అన్నాడు. అబద్ధం. అయినా బాగుంది.

సోమవారం నుంచి ఆ దారినే నడిచాను, తల తిప్పి చూసుకుంటూ. గురువారం మా అమ్మాయి క్యారేజీ పట్టుకుని నాతో వచ్చింది. షాపు ముందు ఆగి, "అమ్మా, బాబాయి అవి సెరిపి నీ పేరు రాసినాడు!" అంది. "నా పేరేటే? అవి గుండ్లు" అన్నాను. "కాదే, ఎమ్ము. నీ పేరులో మొదటక్షరం." చూస్తే పలక తలకిందులుగా ఉంది. రాత్రి మూసేటప్పుడు మరిది తిరగేసి దూర్చేశాడు. నేను తల వంచి చూశాను, ఎత్తి చూశాను. ఫ్యాక్టరీలో ఖాళీ డబ్బాలు బోర్లించి పేరుస్తాం. అన్నేళ్ళూ గోడ పొడుగునా నా అక్షరమే పేర్చుకుంటూ, దాన్ని గుండు అనుకున్నానన్నమాట. ఆ సాయంత్రమే మా అమ్మాయి పాత పలక దుమ్ము దులిపి, "ఇంకా ఏటేటి ఉన్నాయో సెప్పు" అన్నాను. అది పంతులమ్మగా చాలా దుర్మార్గురాలు, తప్పు రాస్తే చేతి మీద కొట్టేది. రెండు వేసవులు పట్టింది. ఏడో తరగతికి మళ్ళీ కాగితం కావలసి వచ్చినప్పుడు అదే ఆఫీసులో, అదే గుమాస్తా ముందు సంతకం పెట్టాను. అతను తలెత్తి చూడలేదు. చూడకపోతే నాకేం?

ఫోనుకు మనవరాలు చుక్కల తాళం పెట్టింది. చుక్కలు కలిపి ఏదైనా గీయమంది. గుండు గీశాను. ఎదురుగా కూర్చుని చూస్తున్న దానికి అది ఎమ్ములా కనిపించిందట. మీకు చెప్పేశాను కనక మార్చుకోవాలి.

తెర ఆరింది, సుద్ద చెరిగింది, షాపు మూసి ఎన్నో ఏళ్ళయింది. ఆ మూడు గుండ్లు తెర మీద వెలిగింది రెండు నిమిషాలకు మించి ఉండదు. ఆ గోడ గడియారం మాత్రం ఇప్పుడు మా ఇంట్లో ఉంది, ఇది రాస్తుంటే తలమీద కొట్టుకుంటూనే ఉంది. ఎన్నిటినో తీసుకుపోయిన కాలం ఆ రెండు నిమిషాలను నాకు వదిలేసింది. దానికి సాక్షులుగా ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళ పేర్లు నా చేత్తో నేనే రాస్తున్నాను: మా మరిది జకరయ్య. మా అమ్మాయి సలోమి. కంచిలి పారమ్మ. టైలరు అప్పన్న. టెక్కలి లోకనాథం. నేను, మార్తమ్మ.