కిటికీలో ఎర్రనూనె

ఆ రోజుల్లో నా మొహం మీద పెట్టిన శ్రద్ధలో సగం చదువు మీద పెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్నని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ రోజులంటే మరీ వెనకటివేం కాదు. అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చి, వాటిలో నున్నటి బుగ్గల ఆడపిల్లలు పొద్దస్తమానం నూనెల గురించి చెప్పడం మొదలుపెట్టిన రోజులు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను వాళ్ల మాట జవదాటేదాన్ని కాదు. మొహానికి సబ్బు ముట్టించనని ఒట్టు పెట్టుకున్నాను. కనుబొమలకి ఆముదం, మోచేతులకి కొబ్బరినూనె, ఒంటికి నువ్వులనూనె, మొటిమ మీద వేపనూనె చుక్క (ఇది మా నాన్న చేలో కొట్టడానికి తెచ్చుకున్న డబ్బాలోది, మొటిమ సంగతేమో గానీ కొన్నాళ్లు నా పక్కన ఎవరూ కూర్చోలేదు). నా దిండు గలీబు ఉతికీ ఉతికీ అమ్మకి విసుగొచ్చింది. నాన్న నాకు 'గానుగ' అని పేరు పెట్టి, పొద్దున్నే "గానుగ లేచిందా?" అని అడిగేవాడు.

ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టాడో గానీ, నరసరావుపేటలో నిజంగానే ఒక గానుగ నూనెల కొట్టు తెరిచారు. కొట్టాయన సాయిబు, పెద్దమనిషి, వచ్చేవాళ్లందరూ బాబాయ్ అనే పిలిచేవారు. ఒంటికీ జుట్టుకీ ఏ నూనె మంచిదో ఆడవాళ్లకి విడమరిచి చెప్పే అమ్మాయి కావాలన్నాడని తెలిసి వెళ్లి, ఆయన అడగని వాటికి కూడా జవాబులు చెప్పి వచ్చాను. సోమవారం ఒక పూట కౌంటర్లో నిలబడమన్నాడు. వచ్చినవాళ్లు నా మాట విని కొంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో నాన్న అప్పటికే మాట్లాడి పెట్టాడు. అక్కడే హాస్టల్లో ఉండి షిఫ్టులు చెయ్యాలి. ఇల్లు వదిలి, అమ్మమ్మని వదిలి వెళ్లాలంటే నాకు ఏడుపొచ్చేది (పత్తి దుమ్ములో నా చర్మం ఏమైపోతుందోనని కూడా వచ్చేది, అబద్ధం ఎందుకు).

ఆ ముందురోజు ఆదివారం మా ఇంటి ముందు మిరపకాయలు ఏరుతున్నారు. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు వేరు చేసే పని. సాయంత్రం దాకా కాయల్లో చేతులు పెడితే ఎవరికైనా మండుతుంది. అందుకని మా వైపు ఆడవాళ్లు ముందే చేతులకి నూనె పట్టించి కూర్చుంటారు. మధ్యలో మంట పుట్టినప్పుడల్లా పక్కనున్న గిన్నెలో వేళ్లు ముంచి మళ్లీ రాసుకుంటారు. ఇదంతా పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం మొహానికి ఘాటు తగలకూడదని నేను ఆ ఛాయలకి పోలేదు. పైగా దూరం నుంచే మా అమ్మమ్మని పట్టుకుని, మొహం నిగనిగలాడేలా ఏవన్నా వేర్లు వేసి నూనె కాచి పెట్టమని ప్రాణం తీశాను. "చూద్దాంలేవే" అంది అమ్మమ్మ, కాయల్లోంచి తల ఎత్తకుండా.

సోమవారం పొద్దున్నే లేచి చూస్తే వంటింటి కిటికీలో స్టీలు గిన్నె, గిన్నెలో లేత ఎరుపు నూనె. ఎండ పడి ఎంత ముద్దుగా మెరుస్తోందో చెప్పలేను. నేను అడిగానని నా తల్లి అప్పుడే నూనె కాచి పెట్టేసిందే అని అమ్మమ్మ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ ఎరుపు వేర్లదే అనుకున్నాను. అరచేతి నిండా పోసుకుని, ఫోన్లో చెప్పినట్టే గడ్డం నుంచి పైకి, ముక్కు నుంచి పక్కలకి, తొందర లేకుండా మర్దనా చేశాను. మొదట వెచ్చగా అనిపించింది. నూనె పనిచేస్తోందని సంతోషించాను. ఆ తర్వాత అది మరీ ఎక్కువ పనిచెయ్యడం మొదలుపెట్టింది.

నా కేకలకి ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చేసరికి నేను తొట్టి దగ్గర మొహం మీద చెంబులు చెంబులు గుమ్మరించుకుంటున్నాను. మంట తగ్గడం మాట అటుంచి మెడ దాకా పాకింది. అమ్మమ్మ కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏమే, అది రాశావా? కాయల గిన్నె గదే అది. నీళ్లు పొయ్యబాక, నూనెతో తుడవాల."

మిగిలిన నూనె పారబొయ్యబుద్ధి కాక, మర్నాడు కాయలకి పనికొస్తుందని అమ్మ తీసి పెట్టిందట. అన్ని చేతులూ రోజంతా ముంచిన గిన్నె అది. అమ్మమ్మ నన్ను మంచం మీద కూలేసి, కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, చల్లటి పెరుగు పట్టించింది. పట్టించింది సరే, తన చేతులతో పట్టించింది. ఆ చేతుల్లో ఆదివారం కారం ఇంకా అలాగే ఉంది. ఆవిడ ఎంత ప్రేమగా నిమిరితే అంత మండింది.

ఇవాళ్టికి మానుకోమంది అమ్మ. మిల్లు గుర్తొచ్చి, చున్నీ మొహానికి చుట్టుకుని ఆటో ఎక్కాను. కొట్లో చున్నీ తియ్యక తప్పలేదు. కనురెప్పలు కూడా వాచిన నా మొహం చూసి బాబాయ్‌కి నిజంగానే జాలేసింది.

"ఈ మొహంతో మొహానికి రాసే నూనె అమ్ముతావా అమ్మాయ్?"

లోపల డబ్బాల వెనక కూర్చోమన్నాడు, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత'కి అర్థం నాకు తెలుసు. డబ్బాల మధ్య కూర్చుని, కన్నీళ్లు మంట మీద పడితే ఇంకా మండుతుందని ఏడవను కూడా ఏడవలేదు.

అంతలో శావల్యాపురం వైపు నుంచి ఒక పెద్దావిడ నువ్వులనూనె కోసం వచ్చింది. డబ్బా కోసం లోపలికి తొంగి చూసి, నన్ను చూసింది. చూడగానే పట్టేసింది.

"కాయలు ఏరిన చెయ్యి మొహాన పెట్టుకున్నావా ఏంది?"

"చెయ్యి కాదత్తా, గిన్నెలో నూనె. నిగారింపు వస్తదని రాశా."

ఆవిడ నవ్వీ నవ్వీ మెట్టు మీద చతికిలబడింది. తర్వాత తన అరచేతులు నా ముందు చాపింది. పగిలి, ఎర్రగా ఉన్నాయి. పొద్దున రాసుకున్న నువ్వులనూనె మధ్యాహ్నం దాకా చేతుల మీద ఆగడం లేదట, ఏది రాస్తే ఆగుద్దని అడిగింది. ఫోన్లో పిల్లలెవరూ ఆ సంగతి నాకు చెప్పలేదు. కానీ నూనెలు పూసుకుని బతికినదాన్ని కదా, కొబ్బరినూనె తొందరగా ఇంకిపోతుందనీ, ఆముదం చిక్కన కాబట్టి తోలుకి పట్టుకుని ఉంటుందనీ, రెండూ కలిపి రాసుకుంటే వేళ్లు మరీ జిగటగా ఉండవనీ చెప్పాను. గిన్నె మాత్రం పిల్లలకి అందకుండా పెట్టుకోమన్నాను. ఆవిడ రెండూ కొని, మర్నాడు తన కూలి జట్టు మొత్తాన్ని వెంటబెట్టుకొస్తానని చెప్పి మరీ వెళ్లింది.

బాబాయ్ నా స్టూలు తనే ఎత్తి కౌంటర్ ముందు వేశాడు. "రేపట్నించి పెందలాడే రా. ఆ గిన్నె జోలికి మాత్రం పోబాక" అన్నాడు.

ఇప్పటికీ ఆ కొట్లోనే ఉన్నాను. కాయల కాలం వస్తే ఆముదం, కొబ్బరి కలిపిన సీసాలే ఎక్కువ పోతాయి. మొహానికి నేను రాసుకునేది స్నానం తర్వాత కాస్త కొబ్బరినూనె, అదీ గుర్తుంటే. అమ్మమ్మ పోయింది. ఉద్యోగం వచ్చిందని చెప్పిన ఆ సాయంత్రం ఆవిడ మళ్లీ కాయల్లోంచే లేచి వచ్చి, నా బుగ్గలు రెండూ పుణికి మెటికలు విరిచింది. మళ్లీ భగ్గున మండింది. కదలకుండా నిలబడ్డాను. ఎన్ని నూనెలు రాసినా ఆ సాయంత్రం వచ్చిన కళ నా మొహానికి మళ్లీ రాలేదు.