రెండో వెంకటగిరి చీర

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సాయంత్రం వేడుకలకు కట్టుకునే చీరలకు సముద్రపు గాలే శత్రువు. మైపాడు సముద్రతీరానికి వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది మా ఊరు. ఎంత చిక్కటి గంజి పెట్టినా ఆ తడిగాలికి ఒక్క రోజులో చీర మెత్తబడి ఒంటికి అంటుకుపోయేది. అందుకని మంచి చీరను చాకలి వాళ్ళ ఇంట్లోనే ఉంచి, బయల్దేరే ముందు ఇస్త్రీ చేయించి వేడివేడిగా తెప్పించుకునేవాళ్ళు.

మా అమ్మకు అలాంటి చీర ఒక్కటే ఉండేది. చిలకాకుపచ్చ వెంకటగిరి, ఎర్రంచు, సన్నటి జరీ. ఒక దీపావళికి నిప్పురవ్వ పడి పమిట కొసన చిల్లు పడితే, ఆ రంగు దారం దొరక్క పసుపు దారంతో కుట్టుకుంది. పేరంటాల్లో అమ్మ ఒళ్ళో కూర్చుని ఆ కుట్టును గిల్లడం నా పని. ఊరికే కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు.

ఆ వేసవిలో మా వీధి చివరింట్లో పెళ్లి జరిగింది. ఆ ఇంటావిడను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు, వరస కలుపుకున్నామంతే. పెళ్లి పగలే అయిపోయింది, సాయంత్రం టీ పార్టీ అన్నారు. నెల్లూరు నుంచి మగపెళ్లివారి వైపు ఉద్యోగస్తులు వస్తారట, కుర్చీలు వేస్తారట, ఫోటో తీస్తారట. మా నానమ్మకు జ్వరంగా ఉంటే, రాలేనని అమ్మ ముందురోజే కబురు పెట్టేసింది. నేను అన్నం మానేసి మూల కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి నానమ్మ నా పోరు పడలేక, తానేం ఇప్పుడే పోవడం లేదని, పిల్లను తీసుకుని వెళ్ళి రమ్మని అమ్మను కసిరింది.

ఇక నాకు కాలు నిలవలేదు. చీర తెమ్మని అమ్మ చెప్పడం ఆలస్యం, చాకలి అక్క ఇంటికి పరుగెత్తాను. నన్ను చూడగానే ఆమె ముఖం అదోలా అయింది. చీర ఇంకా ఆరలేదంది. రోళ్ళు పగిలే ఎండలో చీర ఆరకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. కాసేపాగి మళ్ళీ వెళ్తే బొగ్గులు లేవంది. ఆ తర్వాత వెళ్తే తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. కాలుగాలిన పిల్లిలా వీధి పొడుగునా తిరిగి తిరిగి ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. పొద్దు వాలుతోంది, పెళ్లివారింట్లో అప్పటికే మైకు మోగుతోంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, సరేలే అని, ఇంట్లో కట్టుకునే నేతచీరల్లో కాస్త కొత్తదాన్ని తీసి కట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అందరి అమ్మలూ జరీలతో మెరుస్తుంటే మా అమ్మ పొలం నుంచి వచ్చినట్టు వెళ్తుందా అని ఒకటే బాధ.

పందిరి గుమ్మం దగ్గర పెట్రోమాక్స్ వెలుగులో, చేతిలో పన్నీరు బుడ్డితో పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె ఒంటి మీద ఉన్నది మా చీర. ఇస్త్రీ మడతలు కూడా ఇంకా విరగలేదు. పమిట కొసన పసుపు కుట్టు నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పళ్ళెంలోంచి పెద్ద కలకండ గడ్డ తీసి నా నోట్లో కుక్కింది. చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నా నోరు మూయించగలిగింది కానీ, మా వెనకే వచ్చిన ప్రెసిడెంటుగారి భార్య నోరు ఎవరు మూయిస్తారు? ఆవిడ పెద్దమ్మను కిందినుంచి పైదాకా చూసి, మా అమ్మ వైపు తిరిగింది.

"ఏమ్మా, ఈ చీర నీది గదా? శ్రీరామనవమి పందిట్లో నువ్వు కట్టుకోనుంటే చూసినానే."

పెద్దమ్మ చేతిలో పన్నీరు బుడ్డి అలాగే ఆగిపోయింది. అప్పటిదాకా ఆమెకు అది ఎవరి చీరో తెలియదనుకుంటాను. కుర్చీల్లో పట్నం ఆడవాళ్ళు, కొత్త వియ్యపురాలు, అందరూ ఇటే చూస్తున్నారు.

అమ్మ నవ్వింది. "అట్టాంటిదే నాకూ ఒకటుండాది వదినా. ఇద్దరం కలిసే తీసుకున్నాం."

"మరి కట్టుకోని రాకపోతివే?"

"పెండ్లికూతురి తల్లికి సమానంగా నేను ముస్తాబై వస్తే బాగుంటాదా?"

ఆ మాటకు వియ్యపురాలు కూడా నవ్వి తలూపింది. అమ్మ అంతటితో ఆగకుండా, ఫోటోకు సరిగ్గా పడాలంటూ పెద్దమ్మ పమిట సర్ది, ఆ కుట్టు కనపడకుండా కొసను నడుముకు దోపింది. పెద్దమ్మ అమ్మ నుదుట కుంకుమ పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది.

పార్టీ ముగిసేదాకా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. దారిలో అమ్మతో దెబ్బలాడాను. చాకలి అక్కను నిలదీయమన్నాను, చీర ఇప్పుడే విప్పించి తెమ్మన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గమ్మునుండవే. కూతురి పెండ్లిలో ఆమె తలొంచుకోని నిలబడితే మనకేమొస్తాది?" అంది.

ఒకరి బట్టలు చాకలి ఇంటి నుంచి ఇంకొకరికి ఒక పూటకు వెళ్ళిరావడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనని సంగతి. పెద్దమ్మ తనకున్న ఒక్క పట్టుచీరా కూతురికి పెట్టేసిందని, మేము రావడం లేదని తెలిసే చాకలి అక్క మా చీర ఇచ్చిందని తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున్నే చాకలి అక్క చీర తెచ్చి గుమ్మంలో బిక్కముఖంతో నిలబడితే, అమ్మ చీర అందుకుని కాఫీ ఇచ్చి పంపింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అమ్మ ఆ చీర కడితే, పెద్దమ్మ చీర ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని మా ఊళ్ళో అమ్మ ఆ చీర మళ్ళీ కట్టలేదు. సంగం ఊళ్ళోని చుట్టాల ఇళ్ళకు వెళ్ళినప్పుడే కట్టేది. ఊళ్ళో ఎన్ని సాయంత్రాలు ఎన్ని వేడుకలు జరిగినా అదే నేతచీర. ఉన్న చీర దాచుకుంటుంది, ఎంత పిసినారో అని ప్రెసిడెంటుగారి భార్య నలుగురిలో నవ్వితే అమ్మ కూడా కలిసి నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. అసలు సంగతి చెప్పేయాలని ప్రాణం కొట్టుకునేది. కానీ ఏ వేడుకలోనైనా పెద్దమ్మ వచ్చి, పట్టుచీరల వాళ్ళందరినీ దాటి, మా అమ్మ పక్కనే కూర్చునేది. అది చూశాక నోరు మూసుకునేదాన్ని.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. సాయంత్రం రిసెప్షన్లకు వెళ్తే చుట్టూ ఒకటే ప్రశ్నలు, ఎక్కడ కొన్నారు, ఎంతయింది, ఇది ఫలానావాళ్ళది కదా అని. నాకూ నాలుక దురద పెడుతుంది, అబద్ధమెందుకు. కొన్నిసార్లు అది ఎవరిదో తెలిసి కూడా ఉంటుంది. అయినా దగ్గరికి వెళ్ళి, నీకు బాగుందమ్మా అని మాత్రమే అంటాను. ఇన్నేళ్ళయినా ఆ మాట అనడానికి నేను ప్రతిసారీ నాతో నేను పెనుగులాడాల్సిందే. మా అమ్మ మాత్రం, ఉన్న ఒక్క చీరనూ వదులుకుంటూ, అంత సులువుగా నవ్వేసింది.